కాలి ఎముక నొప్పితో ఫుల్ మారథాన్‌కి వెళ్లవచ్చా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నాకు 39 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాం. ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. రెండున్నరేళ్లుగా పరుగెత్తుతున్నాను. పోయిన డిసెంబర్‌లో హాఫ్ మారథాన్ 2 గంటల 18 నిమిషాల్లో పూర్తి చేశాను. ఆ ఉత్సాహంలో ఆగస్టు ఆఖరి ఆదివారం జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి, అంటే 42 కిలోమీటర్లకి, పేరు ఇచ్చాను. నాలుగున్నర గంటల్లో ముగించాలని కోరిక. వేసవి సెలవుల్లో ఒక గ్రూప్‌లో చేరి వారానికి 28 కిలోమీటర్లు ఉన్నదాన్ని 52 దాకా పెంచాను. మే ఆఖర్లో ఎడమ కాలికి మోకాలి కింద, లోపలి వైపు ఎముక వెంట నొప్పి మొదలైంది. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేను, జానెడు మేర ఉంటుంది. మొదట్లో ఒళ్లు వేడెక్కాక పోయేది. బడి తెరిచాక రోజంతా నిలబడాల్సి రావడంతో ఇప్పుడు పరుగు అయ్యాక కూడా ఉంటోంది. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు బాగా తెలుస్తోంది. గ్రూప్‌లో వాళ్లు నో పెయిన్ నో గెయిన్ అంటున్నారు. ఆదివారం లాంగ్ రన్‌కి ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్తున్నాను. అయినా 22 కిలోమీటర్లు దాటేసరికి కాళ్లు మొరాయిస్తున్నాయి. శనివారం ఒక్కపొద్దు ఉంటాను, ఆ నీరసమేమో అనుకుంటున్నాను. జనవరి నుంచి 6 కిలోలు తగ్గాను, అది మాత్రం అందరూ మెచ్చుకుంటున్నారు. మా వారు "ఈ వయసులో నీకెందుకీ తిప్పలు, మానెయ్" అంటున్నారు. మానేయాలా? నొప్పితోనే నెట్టుకురావచ్చా? ఏ పేస్‌లో, అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాల చొప్పున వెళ్లాలి? ఇంకా పదకొండు వారాలే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టీచర్ గారూ, మీరు అడిగిన దానికి ముందే సూటిగా చెప్పేస్తాను. పరుగు మానక్కర్లేదు. ఈ ఆగస్టులో ఫుల్ మాత్రం వద్దు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం ఈ ఆదివారం నుంచే ఆపేయండి. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి. మీరు కాలి నొప్పి గురించి ఒకటి, పేస్ గురించి ఒకటి, ఒక్కపొద్దు గురించి మాటవరసకి ఒకటి రాశారు. నాకు ఈ మూడూ ఒకే సమస్యలా కనిపిస్తున్నాయి.

ముందు కాలు. మీరు చెప్పిన గుర్తులన్నీ రన్నర్లు షిన్ స్ప్లింట్స్ అనే దానివి. పిక్కలో లోపలగా సోలియస్ అనే కండరం ఉంటుంది. అది, దాని చుట్టుపక్కల పొరలు వెళ్లి మోకాలి కింది ఎముక లోపలి అంచుకి అంటుకుని ఉంటాయి. వేసే ప్రతి అడుగుకీ అక్కడ లాగుడు పడుతుంది, ఎముక కూడా కొద్దిగా వంగి లేస్తుంది. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉండటం ఒక విధంగా మంచి మాటే. అదే ఒకే చోట, రూపాయి బిళ్లంత మేరలో, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది ఎముకలో సన్నని చీలిక, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అయ్యే అవకాశం ఎక్కువ. రాత్రి పడుకున్నప్పుడు కూడా సలపడం, మామూలు నడకలోనే కుంటు రావడం, ఆ కాలి మీద ఒక్కసారి గెంతితే చురుక్కుమనడం, ఇవన్నీ ఆ రెండో దాని గుర్తులు. ఉందో లేదో చూద్దామని పదేపదే గెంతకండి.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన విషయం ఒకటుంది. మొదట పరుగు మొదట్లో మాత్రమే ఉన్న నొప్పి, తర్వాత పరుగు అయ్యాక కూడా ఉండటం, ఇప్పుడు మర్నాటి మెట్ల దాకా రావడం. అది ముదిరే దారి. షిన్ స్ప్లింట్స్‌ని పట్టించుకోకుండా ఎముక మీద అలాగే భారం వేస్తూ పోతే చీలిక దాకా వెళ్లవచ్చు. అందుకని ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి గానీ, స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కి గానీ చూపించండి. ఎక్స్‌రే తీయించి బాగానే ఉందంటే అక్కడితో నిశ్చింతగా ఉండకండి. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాల్లో చాలాసార్లు ఎక్స్‌రేలో కనిపించదు, ఎంఆర్ఐలో కనిపిస్తుంది. ఆ మాట మీరే డాక్టర్‌తో అనండి, తప్పేం లేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నాకు 45 ఏళ్లప్పుడు ఇదే చోట, ఇదే కాలికి వచ్చింది. ఎక్స్‌రే చూసి కండరం నొప్పే అని మాత్రలు రాసిచ్చారు. మాత్ర వేసుకుంటే నొప్పి తెలియలేదు కాబట్టి తగ్గిందనుకుని నెక్లెస్ రోడ్డు మీద 30 కిలోమీటర్లు చేశాను. నాలుగు వారాల తర్వాత ఎంఆర్ఐలో చీలిక బయటపడింది. పన్నెండు వారాలు పరుగు లేదు. అందులో మొదటి ఆరు వారాలు కర్ర సాయంతో నడిచాను. మాత్ర లేకపోయుంటే ఆ 30లో పదో కిలోమీటరు దగ్గరే ఆగిపోయేదాన్ని, ఎముక అంత దూరం పోయేది కాదు. నొప్పి మాత్రల మీద నాకున్న కోపం అక్కడి నుంచి వచ్చింది. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి మాత్రలతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసే ఏర్పాటు ఒకటి ఒంట్లో ఉంటుంది, ఈ మాత్రలు దాన్నే అడ్డుకుంటాయి. ఉక్కపోతలో మూడు గంటల పరుగుకి ముందు వేసుకోవాల్సినవి కావు.

ఇక అసలు ఎందుకొచ్చింది? మీ వయసు వల్ల కాదు, ఆ మాట మీ వారికి కూడా చెప్పండి. 28 నుంచి 52కి ఒక్క సెలవుల్లో ఎక్కడం వల్ల. మన వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వుతారు చూశారా? తవ్వకం నాలుగు రోజుల్లో అయిపోతుంది, పూడ్చి తారు వేసేసరికి నెలలు. ఎముక కూడా అంతే. భారం పెరిగినప్పుడు పాత ఎముకని తవ్వితీసే కణాలు ముందు పని మొదలుపెడతాయి, వాటికి కొన్ని వారాలు చాలు. కొత్త ఎముకతో పూడ్చే కణాలు వెనకాలే వస్తాయి, వాటికి నెలలు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఎముక మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు త్వరగా బలపడిపోయి 'నేను రెడీ' అంటుంటాయి. ఎముక ఇంకా గుంతలతోనే ఉంటుంది. ఏప్రిల్ ఆఖర్లో సెలవులిచ్చారు, మీరు పెంచారు, మే ఆఖర్లో నొప్పి వచ్చింది. లెక్క సరిగ్గా సరిపోయింది.

దానికి తోడు వేగం. మీరు రోజూ ఏ పేస్‌లో పరుగెత్తుతారో రాయలేదు గానీ, గ్రూప్‌తో వెళ్తున్నానన్నారు, లక్ష్యం 4:30 అన్నారు, అంటే దాదాపు ఆరున్నరలోనే రోజూ వెళ్తున్నారని అనుకుంటున్నాను. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. 2:18లో హాఫ్ అంటే కిలోమీటరుకి 6 నిమిషాల 32 సెకన్లు. అది మీరు రేసు రోజు ప్రాణం పెట్టి పరుగెత్తిన వేగం. 4:30లో ఫుల్ అంటే కిలోమీటరుకి 6 నిమిషాల 24 సెకన్లు. అంటే 21 కిలోమీటర్లని పరుగెత్తిన వేగం కంటే ఎక్కువ వేగంతో 42.195 కిలోమీటర్లు వెళ్లాలని అనుకుంటున్నారు. అమెరికన్ ఇంజనీర్ పీట్ రీగల్ 1977లో ఒక లెక్క ఇచ్చాడు. దూరం రెట్టింపు అయితే సమయం రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ, అంటే దాదాపు 2.085 రెట్లు అవుతుందని. దాని ప్రకారం మీకు 4 గంటల 48 నిమిషాలు రావాలి. వారానికి వంద కిలోమీటర్లు చేసేవాళ్లకి ఆ లెక్క బాగా కుదురుతుంది. మనలాగా ఉద్యోగం, పిల్లలు, వంట చూసుకుంటూ మొదటిసారి ఫుల్‌కి వెళ్లేవాళ్లకి దాని మీద ఇంకో ఇరవై ముప్పై నిమిషాలు వేసుకోవాలి. మీకు నేను చెప్పే లక్ష్యం 5 గంటల 15 నిమిషాలు. కిలోమీటరుకి 7:28.

మరి ట్రైనింగ్‌లో మామూలు రోజు పేస్ ఎంత ఉండాలి? ఏడు ముప్పావు నుంచి ఎనిమిదింబావు మధ్య. నెమ్మదిగా అనిపిస్తుంది, సిగ్గుగా కూడా అనిపిస్తుంది, గ్రూప్ ముందుకు వెళ్లిపోతుంది. వెళ్లనివ్వండి. మీరు తెలుగు టీచర్ కాబట్టి మీకో కొలత చెప్తాను. పరుగెత్తుతూ ఒక ఆటవెలది నాలుగు పాదాలు గొంతెత్తి చదవండి. పాదం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే మీరు వేగంగా వెళ్తున్నట్టు. వాచీ కంటే ఇది నమ్మకమైనది, ఎందుకంటే ఉక్కపోతలో, నిద్ర చాలని రోజున, నెలసరి రోజుల్లో అదే పేస్ ఒంటికి రెండింతలు కష్టంగా ఉంటుంది. అది వాచీకి తెలియదు, పద్యానికి తెలుస్తుంది. వారంలో ఒక్క రోజు మాత్రమే గట్టిగా పరుగెత్తండి. మిగతావన్నీ పద్యం పేస్.

ఇక శనివారం ఒక్కపొద్దు. మీరు మాటవరసకి రాశారు గానీ నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అనిపించింది. ఒంట్లో కండరాల్లో, కాలేయంలో కలిపి గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములు. బాగా తిన్న మనిషికి అది ముప్పై కిలోమీటర్ల దాకా లాగుతుంది, అక్కడే చాలామందికి 'వాల్' తగులుతుంది, అంటే గోడకి గుద్దుకున్నట్టు సత్తువ అయిపోతుంది. మీరు శనివారం ఒక్క పూట తిని, పొద్దున నాలుగింటికి లేచి, బహుశా ఒక్క కాఫీతో బయల్దేరుతున్నారు. సగం టాంకుతో బండి తీసినట్టే. 22 దగ్గర కాళ్లు మొరాయించడం అందుకే. కాళ్లలో బలం లేక కాదు.

ఎముక సంగతి ఇంకా పెద్దది. ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. అందరూ మెచ్చుకున్నారు, నాకైతే భయమేసింది. ఖర్చుకి తగ్గట్టు తిండి లేనప్పుడు ఒళ్లు ముందు అత్యవసరం కాని పనులు తగ్గించుకుంటుంది. ఆడవాళ్లలో ఎముకని కాపాడే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గుతుంది. ఎముకని పూడ్చే పని మందగిస్తుంది. నేను ఆడదాన్నే కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నాను, ఈ ఆరు నెలల్లో నెలసరి సరిగ్గా వస్తోందా? ఆలస్యం కావడం, బాగా తగ్గిపోవడం లాంటివి ఉంటే ఎముకల డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, గైనకాలజిస్ట్‌కి కూడా చూపించండి. ఎలాగూ రక్త పరీక్షకి వెళ్తారు కాబట్టి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి చూపించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన గ్రూపుల్లో 'స్టామినా లేదు' అని మనల్ని మనం తిట్టుకునేవాళ్లలో ఎంతమందికి ఐరన్ లేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఒక్కపొద్దు మానేయమని నేను చెప్పను. మా ఇంట్లో మా అమ్మ వెంకటేశ్వరస్వామికి యాభై ఏళ్లు శనివారాలు చేసింది. అది మనిషికిచ్చే నిలకడ నాకు తెలుసు. కానీ మూడు మార్గాలున్నాయి. ఒకటి, అన్నం ఒక్క పూటే తింటూ మిగతా పూటల్లో ఫలహారం గట్టిగా చేయడం: చిలగడదుంపలు, అరటిపళ్లు, ఖర్జూరాలు, సగ్గుబియ్యం పాయసం, పాలు. ఇవన్నీ ఒక్కపొద్దుకి చాలా ఇళ్లలో పనికొచ్చేవే, పరుగుకి కావలసిన పిండిపదార్థం వీటిలో కావలసినంత ఉంది. ఆ ఒక్క పూట అన్నం రాత్రికి పెట్టుకోండి. రెండు, లాంగ్ రన్ ఉన్న వారాల్లో ఒక్కపొద్దుని వేరే రోజుకి మార్చుకోవడం. మూడు, ఒంట్లో బాగాలేనప్పుడు, పురిటప్పుడు మానినట్టే, ఎముక మానేదాకా విరామం తీసుకుని తర్వాత మళ్లీ మొదలుపెట్టడం. మీ ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి ఏది మనసుకి ఒప్పుతుందో మీరే చూసుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి, శ్రావణం వస్తోంది. శుక్రవారాలు, శనివారాలు రెండూ కలిసొస్తాయి. ఆగస్టులో ఫుల్ వద్దనడానికి నాకు ఇదీ ఒక కారణమే.

రోజూ రాగి జావో సంగటో తినండి. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పప్పు, గుడ్డు, పెరుగు ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. పరుగు నుంచి వచ్చిన అరగంట, గంటలోపు ఏదైనా తినాలి. మనం చేసేదేమిటంటే రాగానే అందరికీ టిఫిన్ పెట్టి, బాక్సులు కట్టి, పది గంటలకు చల్లారిన ఇడ్లీ తింటాం. అది మార్చుకోండి. ముందు మీరు తిని, తర్వాత స్టవ్ దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు పదకొండు వారాల లెక్క. డాక్టర్ చీలిక లేదన్నా కూడా రెండు మూడు వారాలు పరుగు ఉండకూడదు. ఆ తర్వాత నాలుగు వారాలు నడక, పరుగు కలిపి మెల్లగా పైకి రావాలి. ఏడు వారాలు అయిపోయాయి. రేసుకి ముందు రెండు వారాలు పరుగు తగ్గించుకోవాలి. మిగిలింది రెండు వారాలు. ఆ రెండు వారాల్లో 30 కిలోమీటర్ల లాంగ్ రన్ చేయాలంటే మళ్లీ మేలో చేసిన తప్పే చేయాలి. పైగా హైదరాబాద్ దారి సులువైంది కాదు. ఇటీవలి ఏళ్లలో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై హుస్సేన్‌సాగర్ పక్కన కొంతసేపు చదునుగానే వెళ్తుంది. తర్వాత ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, అలా గచ్చిబౌలి స్టేడియం దాకా. అందరూ ఫ్లైఓవర్ ఎక్కడం గురించే భయపడతారు గానీ, మోకాలి కింది ఎముకకి అసలు దెబ్బ దిగేటప్పుడు తగులుతుంది, బ్రేకు వేస్తూ దిగుతాం కాబట్టి.

నిర్వాహకులకు రాసి ఫుల్ నుంచి హాఫ్‌కి మార్చే వీలుందేమో అడగండి. లేదంటే ఆ ఫీజు పోయిందనుకోండి. ఎంఆర్ఐలు, ఫిజియోథెరపీ సిట్టింగులు, సెలవులు పెడితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. హాఫ్ కూడా ఆగస్టు మొదటి వారానికి నొప్పి లేకుండా 14 కిలోమీటర్లు చేయగలిగితేనే. చేయలేకపోతే ఆ రోజు దారిలో నీళ్లు అందించడానికి నిలబడండి, ఫుల్ రన్నర్లు 35వ కిలోమీటరు దగ్గర ఎలా ఉంటారో దగ్గర్నుంచి చూడవచ్చు. అది కూడా ట్రైనింగే. ఫుల్‌కి జనవరి పెట్టుకోండి. నెల మొదట్లో చెన్నైలో ఒకటి జరుగుతుంది, దారి చదునుగా ఉంటుంది. ముంబైది మూడో ఆదివారం. నా ఓటు చెన్నైకి. మీ చేతిలో ఆరు నెలలపైన ఉంటుంది, ఎముకకి సరిపడా సమయం.

ఈ రెండు మూడు వారాలు ఖాళీగా కూర్చోమని కాదు. జిమ్‌లో సైకిల్ తొక్కండి, ఈత వస్తే ఈత. నడక నొప్పి లేనంత మేర. రోజూ మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దింపే వ్యాయామం, మోకాలు నిటారుగా ఉంచి పదిహేను, మోకాలు కొద్దిగా వంచి పదిహేను, మూడు విడతలు. సోలియస్‌కి పని పెట్టేది వంచి చేసేదే, చాలామంది దాన్నే వదిలేస్తారు. చేసేటప్పుడు ఎముక నొప్పి పెడితే ఆపి, ఫిజియోథెరపిస్ట్‌ని అడగండి. తుంటి పక్క కండరాలకి పక్కకి తిరిగి పడుకుని కాలు ఎత్తడం, ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవడం. బడిలో పీరియడ్ల మధ్య కాసేపు కూర్చోండి. బోర్డు దగ్గర చెప్పులు లేకుండా గట్టి గచ్చు మీద నిలబడకండి, మెత్తని చెప్పులు వేసుకోండి.

తిరిగి పరుగెప్పుడు? ముప్పావు గంట గబగబా నడిచి, ఆ నడకలో గానీ, మర్నాడు మెట్ల మీద గానీ నొప్పి లేకుండా వరసగా మూడు రోజులు గడిస్తే, అప్పుడు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, పదిసార్లు. రోజు విడిచి రోజు. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలవండి. పరుగులో రెండు దాకా వచ్చి మర్నాటికి సున్నా అయితే ముందుకి వెళ్లండి. మర్నాడు పొద్దునకి మిగిలి ఉంటే ఒక మెట్టు వెనక్కి. ఈ నియమం కండరాలకి, కీళ్లకి పని చేస్తుంది. ఒకే బిందువు దగ్గర ఎముక నొప్పికి మాత్రం రెండు, మూడు అనే లెక్క లేదు, ఆగిపోవడమే. మళ్లీ 28 కిలోమీటర్లకు చేరాక వారానికి మూడు కిలోమీటర్లకు మించి పెంచకండి, ప్రతి నాలుగో వారం కొంచెం తగ్గించండి. దసరా సెలవులు వస్తాయి, అప్పుడు ఖాళీ దొరికిందని పెంచకండి, అదొక్కటి నాకు మాటివ్వండి. సెలవుల్లో నిద్ర పెంచండి.

అడుగు కాస్త చిన్నది చేయండి. నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టి, 160 ఉంటే 168 దాకా తీసుకురండి, వేగం మాత్రం పెంచకుండా. పాదం ఒంటికి ముందుగా పడటం తగ్గుతుంది, కాలి మీద దెబ్బ తగ్గుతుంది. సిమెంటు రోడ్డు అంచున ఒకే వైపు వెళ్తుంటే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది, మీకు ఎడమ కాలికే వచ్చింది కాబట్టి ఇది కూడా చూసుకోండి. మియాపూర్ నుంచి కొత్తగూడ బొటానికల్ గార్డెన్ దగ్గరే, వారంలో ఒకటి రెండు రోజులైనా ఆ మట్టి దారుల్లో పరుగెత్తండి. షూస్ 500 నుంచి 800 కిలోమీటర్లు దాటితే మార్చాలి. మీవి డిసెంబర్ రేసువే అయితే ఇప్పటికే దాటేసి ఉంటాయి.

నవంబర్, డిసెంబర్‌లలో 26 నుంచి 30 కిలోమీటర్ల లాంగ్ రన్లు మూడు చేస్తే చాలు, ఆఖరిది రేసుకి మూడు వారాల ముందు. మూడు ముప్పావు గంటలు దాటి ఏ రోజూ వద్దు. రేసు రోజు ఎలా వెళ్లాలో ఆ లాంగ్ రన్లలోనే అలవాటు చేసుకోండి: నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొదటి కిలోమీటరు నుంచే. అలసిపోయాక నడవడం వేరు, అలసిపోకముందే లెక్క ప్రకారం నడవడం వేరు. 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే లక్షల మందికి నేర్పిన పద్ధతి ఇదే. నడిస్తే మారథాన్ కాదని మీ గ్రూప్‌లో ఎవరైనా అంటే నా తరఫున గట్టిగా కాదనండి. పాడైన కాలికి ప్రతి ఐదు నిమిషాలకోసారి విశ్రాంతి దొరకడం చిన్న విషయం కాదు.

రేసులో మొదటి ఐదు కిలోమీటర్లు 7:40లో వెళ్లండి. చుట్టూ వేల మంది, చీకట్లో డప్పులు, సంగీతం, ఒళ్లంతా ఉరకలేస్తుంది, 6:30 కూడా తేలిగ్గా అనిపిస్తుంది. అక్కడ దాచుకున్నది 35 దగ్గర మీకే పనికొస్తుంది. తర్వాత 32 దాకా 7:25, 7:30 మధ్య. ఎత్తు వచ్చినప్పుడు వాచీ చూడకండి, ఊపిరి ఒకేలా ఉంచుకుని వేగం తగ్గనివ్వండి. 32 తర్వాత మిగిలి ఉంటే అప్పుడు మీ ఇష్టం. కెన్యా కుర్రాడు కెల్విన్ కిప్టుమ్ 2023లో చికాగోలో 2:00:35తో ప్రపంచ రికార్డు పెట్టాడు. మొదటి సగం 60:48, రెండో సగం 59:47. పాపం, తర్వాతి ఫిబ్రవరిలోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. అంత వేగంగా వెళ్లినవాడు కూడా మొదటి సగం ఒక నిమిషం నెమ్మదిగానే వెళ్లాడు.

దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములు, రన్నర్లు దారిలో తినే తియ్యటి జెల్ ప్యాకెట్ ఒకదానిలో కూడా సుమారు అంతే. ఆకలి వేశాక కాదు, ముప్పావు గంట నుంచే మొదలుపెట్టాలి. లాంగ్ రన్లలో ఒంటికి పడినవే రేసులో తినండి. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి, ప్రతి టేబుల్ దగ్గరా రెండేసి గ్లాసులు వద్దు. 2002 బోస్టన్ మారథాన్ ముగించినవాళ్లలో 488 మందిని పరీక్షిస్తే 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సిన దానికంటే తగ్గినట్టు తేలింది. ఎక్కువ నీళ్లు తాగడం, ఎక్కువసేపు దారిలో ఉండటం దానికి కారణాలు. మనం ఐదు గంటలు పైన ఉంటాం కాబట్టి ఇది మన సంగతే. చెన్నై చెమటకి ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోండి.

మీ వారి మాట. ఆయనకి మీ పరుగు మీద కోపం లేదనుకుంటాను. మెట్లు పట్టుకుని దిగుతున్న మిమ్మల్ని రోజూ చూస్తున్నారు, అది చూడలేక అంటున్నారు. డాక్టర్ దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి, మీరు ఆగస్టు వదులుకున్నారని అక్కడే చెప్పండి. రాబోయే రెండు ఆదివారాలు తెల్లవారుజామున లేచే అలవాటు ఎలాగూ పోదు, ఏం చేయాలో తోచదు. ఆయన్ని లేపి బొటానికల్ గార్డెన్‌లో నడకకి తీసుకెళ్లండి. సోమవారం పొద్దున మెట్లు దిగేటప్పుడు కాలు ఎలా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. మూడు వారాల రాత, డాక్టర్ చెప్పింది, రక్త పరీక్షల ఫలితాలు కలిపి నాకు పంపితే, నాలుగో వారం నుంచి ఎలా మొదలుపెట్టాలో కూర్చుని రాసిస్తాను.